కార్బురేటర్ నుంచి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌కు: హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో పాత పెట్రోలు ట్రక్కుల మార్పిడి

పాత పెట్రోలు ట్రక్కు, పికప్ లేదా జీపు ఇంజిన్ మీదున్న కార్బురేటర్‌ను విప్పేసి, దాని చోట సెన్సర్లు, చిన్న కంప్యూటర్, కరెంటు పంపుతో పెట్రోలును కొలిచి చల్లే ఏర్పాటును బయట కొని బిగించడమే ఈ మార్పిడి. అమెరికాలో ఇందుకు తయారు కిట్లున్నాయి, వాటి మీద నడిచే పెద్ద వ్యాపారమూ ఉంది. భారతదేశంలో మాత్రం ఇది పాత బండి మీద మమకారం ఉన్నవాళ్లు, చేతిపని తెలిసిన మెకానిక్కులు కూర్చుని ఒక్కో బండికి విడిగా చేసుకునే పని. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ సరిహద్దులను తాకే కృష్ణగిరి జిల్లాలో దీనికి కొన్ని అనుకూలతలున్నాయి. మోపెడ్లు, మోటారు సైకిళ్లను కార్బురేటర్ నుంచి ఇంజెక్షన్‌కు మార్చిన పెద్ద కర్మాగారం హోసూరులోనే ఉంది. అడాప్టర్ ప్లేటు కావాలంటే కోసిచ్చే లేత్ షాపులు ఊరి నిండా ఉన్నాయి. నలభై కిలోమీటర్ల దూరంలో బెంగళూరు జె.సి. రోడ్డు విడిభాగాల అంగళ్లు, శివాజీనగర్ గుజిరీ ఉన్నాయి. వీటన్నిటికీ మించి ఇక్కడి నేల ఎత్తుపల్లాలే కార్బురేటర్‌కు రోజూ పరీక్ష పెడతాయి.

ఏ బండ్ల సంగతి ఇది

హోసూరులో లారీ అంటే డీజిల్ లారీయే. అశోక్ లేలాండ్ 1980లో ఇక్కడ పెట్టిన కర్మాగారం నుంచి బయటికొచ్చినవి దాదాపు అన్నీ అలాంటివే. డీజిల్ ఇంజిన్‌లో కార్బురేటర్ ఉండదు. అది ఉత్త గాలిని పీల్చి, నొక్కి, ఆ వేడిలోకి డీజిల్‌ను చిమ్ముతుంది. బాష్ కంపెనీ డీజిల్ పంపును 1927లోనే పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. 1951లో మొదలైన బెంగళూరు మైకో కంపెనీ దాన్ని మన లారీలకు ఇంటిపేరులా చేసింది. కాబట్టి జాతీయ రహదారి 44 మీద బారులు తీరే లారీలకు ఈ వ్యాసంతో పని లేదు.

మిగిలేవి కొన్ని రకాలు. మొదటిది మహీంద్రా ఎఫ్‌సీ-150. డ్రైవరు సీటు ఇంజిన్ మీదికి వచ్చేలా ముక్కు లేకుండా కట్టిన ఈ చిన్న ట్రక్కును 1960ల నడిమి నుంచి తయారుచేశారు. దాని అన్న లాంటిది సీజే-3బీ జీపు. రెండింటిలోనూ ఉన్నది విల్లీస్ హరికేన్ ఇంజినే. అది 2,199 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజిన్, బలం సుమారు 72 హార్స్‌పవర్. రెండోది జబల్పూర్ సైనిక కర్మాగారంలో తయారైన నిస్సాన్ వన్ టన్, దాని తమ్ముడు జోంగా. 3,956 సీసీల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్లున్న ఈ బండ్లు సైన్యం వేలాల్లో పౌరుల చేతికి వచ్చాయి. మూడోది 1985లో వచ్చిన మారుతి జిప్సీ, సామాను మోయడానికి వాడిన ఓమ్ని వ్యాన్లు. వీటి సంఖ్య ఏటా తగ్గుతోంది. డెంకణీకోట, అంచెట్టి కొండదారుల్లో తోటలున్నవాళ్ల కొట్టాల్లో ఒకటీ అరా కనిపించే జీపులు కూడా చాలావరకు ఎప్పుడో డీజిల్‌కు మారిపోయినవే.

ముందుతరం మార్పిడులు

పెట్రోలు బండి ఇంధన వ్యవస్థను మార్చడం దక్షిణ దేశానికి కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు కటకట వచ్చినప్పుడు మదురైలో టి.వి. సుందరం అయ్యంగార్ తన బస్సుల కోసం టీవీఎస్ గ్యాస్ ప్లాంటును తయారు చేయించారు. కర్రబొగ్గును చాలీచాలని గాలిలో కాల్చి, వచ్చిన వాయువును చల్లబరిచి, వడకట్టి ఇంజిన్‌కు పెట్టే యంత్రం అది. బస్సు బలం బాగా తగ్గేది, బయల్దేరే ముందు పొయ్యి రాజేసుకోవాల్సి వచ్చేది. అయినా బండ్లు ఆగలేదు. అదే కుటుంబ సంస్థ నాలుగు దశాబ్దాల తర్వాత హోసూరులో మోపెడ్లు తయారు చేయడం, మరో నాలుగు దశాబ్దాలకు వాటి కార్బురేటర్లను తీసేయడం ఈ ప్రాంత చరిత్రలో ఒక వరుస.

స్వాతంత్ర్యం తర్వాత పెట్రోలు లారీల కాలం చెల్లింది. మద్రాసులోని సింప్సన్ కంపెనీ తయారుచేసిన పెర్కిన్స్ పీ6 డీజిల్ ఇంజిన్‌ను పాత పెట్రోలు లారీల్లోకి దించడం అప్పట్లో మామూలు పని. జీపుల వంతు తర్వాత వచ్చింది. డీజిల్ చవక, నెమ్మదిగా లాగినా బలం ఉంటుంది, పొలం ట్రాక్టరు చూసే మెకానిక్కే దాన్నీ బాగుచేస్తాడు. మన దగ్గర కార్బురేటర్ తలనొప్పికి మందు ఇంజిన్‌నే మార్చేయడం కావడానికి కారణం ఇదే. అమెరికాలో పెట్రోలు చవక కనుక వాళ్లు ఇంజిన్‌ను ఉంచుకుని కార్బురేటర్‌ను మార్చే దారి పట్టారు. పాత ఇంజిన్‌ను దాని గొంతుతోనే బతికించుకోవాలనుకునేవాళ్లకు ఆ దారే మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఎత్తు, గాలి, ఇథనాల్

హోసూరు సముద్రమట్టానికి సుమారు 880 మీటర్ల ఎత్తున ఉంది. యాభై కిలోమీటర్లు దిగువకు వస్తే కృష్ణగిరి, అక్కడి ఎత్తు ఐదు వందల మీటర్ల చుట్టుపక్కల. అక్కణ్నుంచి వాణియంబాడి, వేలూరు మీదుగా చెన్నై చేరితే బండి సముద్రమట్టానికి వచ్చేసినట్టే. సుమారు 300 కిలోమీటర్ల ఈ దారిలో గాలి ఒత్తిడి హోసూరు దగ్గర 91 కిలోపాస్కల్స్ ఉంటే, చెన్నైలో 101 ఉంటుంది. గాలి సాంద్రత హోసూరులో దాదాపు 8 శాతం తక్కువ.

కార్బురేటర్‌కు ఈ తేడా తెలియదు. దాని గొంతులో ఇరుకైన చోట గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది, ఆ లాగుడుకు ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోలు జెట్ గుండా పైకి వస్తుంది. గాలి పలచబడితే లాగుడూ తగ్గుతుంది, కానీ వచ్చే పెట్రోలు ఆ లాగుడుకు వర్గమూలం లెక్కన మాత్రమే తగ్గుతుంది. చెన్నైలో సరిగ్గా జెట్ వేసిన బండి హోసూరు చేరేసరికి లోపలికి వెళ్లే గాలి 8 శాతం తగ్గితే పెట్రోలు 4 శాతమే తగ్గుతుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు నాలుగు శాతం పెరిగినట్టు. మెకానిక్కులు రిచ్ కొడుతోంది అనేది దీన్నే. ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, ఐడిలింగ్‌లో ఇంజిన్ గుటకలు వేస్తుంది. హోసూరులో స్క్రూ తిప్పి సరిచేస్తే, ఆ బండి కిందికి దిగాక పెట్రోలు చాలక పికప్ పోగొట్టుకుంటుంది.

దీనికి తోడు ఇప్పుడు ఇంకో లెక్క చేరింది. 2023 ఫిబ్రవరిలో మొదలై దేశమంతటికీ పాకిన ఇ20 పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్. ఉత్త పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లో ప్రాణవాయువు ముందే ఉంది కనుక ఇ20కి 13.5 కిలోలు చాలు. అంటే పాత జెట్‌లోంచి వచ్చే ఇ20, ఉన్న గాలికి ఏడెనిమిది శాతం చాలదు. బండి లీన్ అవుతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. హోసూరు ఎత్తు వల్ల వచ్చిన నాలుగు శాతం రిచ్, ఇథనాల్ తెచ్చిన లీన్‌లో సగాన్ని కప్పేస్తుంది. కాబట్టి ఊళ్లో తిరిగినంతకాలం ఇ20 వల్ల ఏమీ కాలేదనిపిస్తుంది. అదే బండి లోడుతో ఎండాకాలం వేలూరు దాటి కిందికి పోయినప్పుడు ఆ ముసుగు తొలగిపోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, కార్బురేటర్‌లోకి వెనక్కి పేలుతుంది. తప్పు వేడిదనో పంపుదనో అనుకుని విప్పడం మొదలుపెడతారు.

ఇథనాల్ రసాయనంగా కూడా పాత బండికి మంచిది కాదు. ముప్ఫై ఏళ్ల నాటి రబ్బరు పొరలు, గొట్టాలు ఉబ్బుతాయి, పగులుతాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలబడిన బండిలో ఆ నీరు ట్యాంకు అడుగుకు చేరి తుప్పు పట్టిస్తుంది. ఇంజెక్షన్ వేసినా ట్యాంకు సంగతి చూసుకోక తప్పదు, కానీ మిశ్రమం లెక్కను మాత్రం అది తనంతట తాను సరిదిద్దుకుంటుంది. ఈ ప్రాంతంలో ఈ మార్పిడికి అసలు బలమైన కారణం ఇదే. హార్స్‌పవర్ కోసం చేయాలనుకునేవాళ్లకు నిరాశే మిగులుతుంది. ఏడింతల కంప్రెషన్ కూడా సరిగ్గా లేని హరికేన్ ఇంజిన్‌కు ఇంజెక్షన్ తెచ్చే అదనపు బలం స్వల్పం.

ఇంజెక్షన్ ఇక్కడిదాకా వచ్చిన దారి

అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1957లో ప్రకటించిన ఎలక్ట్రోజెక్టర్ మరుసటి ఏడాది క్రైస్లర్ కార్లలోకి వచ్చి, నిలవలేక పోయింది. ఆ పేటెంట్లతో బాష్ తయారుచేసిన డి-జెట్రానిక్ 1967లో వోక్స్‌వ్యాగన్ 1600లో నిలదొక్కుకుంది. 1976లో వోల్వో కార్లలో లాంబ్డా సెన్సర్ వచ్చాక ఇంజిన్ తన పొగను తానే రుచి చూసి పెట్రోలును సవరించుకోగలిగింది. బయటి మార్కెట్ విషయానికొస్తే, 2001లో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో రూపొందించిన మెగాస్క్వర్ట్ తలుపులు తెరిచింది. సర్క్యూట్ బోర్డు కొనుక్కుని ఎవరికి వారు అతికించుకునే కంప్యూటర్ అది. ఆ తర్వాత ఆర్డుయినో బోర్డు మీద నడిచే స్పీడుయినో వచ్చి ఖర్చును ఇంకా దించింది. హోలీ, ఫైటెక్ వంటి కంపెనీల తయారు కిట్లు పెద్ద వీ8 ఇంజిన్ల నాలుగు గొంతుల కార్బురేటర్ చోట కూర్చునేలా చేసినవి. మన జీపు ఒంటి గొంతు కార్బురేటర్‌కు అవి పెద్దవి. కాబట్టి ఇక్కడ పని చేసేవాళ్లు భాగాలను విడివిడిగా ఏరుకోవాలి.

మన దేశంలో చమురు కంపెనీలు 2000 ఫిబ్రవరి నాటికి సీసం ఉన్న పెట్రోలును పూర్తిగా ఆపేయడం ఈ కథలో చిన్నదిగా కనిపించే పెద్ద మలుపు. సీసం లాంబ్డా సెన్సర్‌ను చంపేస్తుంది. మారుతి 800, జిప్సీ రెండూ ఆ ఏడే ఎంపీఎఫ్ఐకి, అంటే ఒక్కో సిలిండర్‌కు విడిగా పెట్రోలు చల్లే ఇంజెక్షన్‌కు మారాయి. పాత కార్బురేటర్ జిప్సీ ఉన్నవాళ్లకు దగ్గరి దారి కంపెనీ ఇంజెక్షన్ ఇంజిన్‌ను, దాని వైరింగ్‌తో, ఈసీయూ అనే కంప్యూటర్‌తో సహా తెచ్చుకోవడమే. ఓమ్నికి 800 భాగాలు ఒకే ఇంజిన్ కుటుంబానివి కావడం కలిసొస్తుంది. జీపుకు, నిస్సాన్‌కు అలాంటి అదృష్టం లేదు.

ఇంజిన్ హెడ్డే దారి చెబుతుంది

ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ పెట్టడం కాగితం మీద మేలైన పద్ధతి. హరికేన్ ఇంజిన్ దానికి ఒప్పుకోదు. ఇందులో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. ఇన్‌టేక్ మానిఫోల్డు విడిగా ఉండదు, హెడ్డులోనే కలిపి పోతపోశారు. కార్బురేటర్ నేరుగా హెడ్డు నెత్తిన కూర్చుంటుంది. ఇంజెక్టర్ దిగేసుకోవడానికి గొట్టమే బయట లేదు. పోత ఇనుము హెడ్డుకు తూట్లు పొడిస్తే నీళ్ల దారికి తగిలే ప్రమాదం ఉంది, అలాంటి హెడ్డు ఇంకోటి దొరకదు. అందుకని కార్బురేటర్ చోటే థ్రాటిల్ బాడీ బిగించి, దాని గొంతులోకి పైనుంచి పెట్రోలు చల్లే ఒంటిచోటు ఇంజెక్షనే జీపుకు తగింది. కార్బురేటర్ దిమ్మ కొలతకు అల్యూమినియం అడాప్టర్ ప్లేటు కోయాలి, ఒక కారు థ్రాటిల్ బాడీని దాని మీద కూర్చోబెట్టాలి. హోసూరు సిప్‌కాట్, సిడ్కో పారిశ్రామిక పేటల్లో పెద్ద కంపెనీలకు భాగాలు కోసిచ్చే చిన్న షాపులకు ఇది ఒక పూట పని. గాలి లీకు లేకుండా ప్లేటు ముఖం చదునుగా రావడం, యాక్సిలరేటర్ కడ్డీ సాఫీగా తిరిగి రావడం, ఈ రెండూ సరిగ్గా కుదిరాయా అన్నదే ఇక్కడ చూసుకోవాలి.

నిస్సాన్ ఆరు సిలిండర్ల ఇంజిన్ సంగతి వేరు. దాని మానిఫోల్డు పొడవైనది, నడుమ కార్బురేటర్, రెండు కొసల సిలిండర్లకు పెట్రోలు సమంగా చేరదు. మానిఫోల్డు విడి భాగం కనుక దానికి ఇంజెక్టర్ గూళ్లు వెల్డు చేయించుకుంటే ఒక్కో సిలిండర్‌కు కొలిచి ఇవ్వవచ్చు. ఖర్చు ఎక్కువ, ఫలితమూ ఎక్కువ.

ఇంజెక్టర్ ఎంచుకునేటప్పుడు పెద్దది తీసుకుందాం, పడి ఉంటుంది అనుకోవడమే అందరూ పడే గుంట. హరికేన్ పూర్తి బలంతో లాగేటప్పుడు తాగేది గంటకు సుమారు 22 లీటర్లు, అంటే నిమిషానికి 370 సీసీ. ఇంజెక్టర్ ఎప్పుడూ 85 శాతానికి మించి తెరిచి ఉండకూడదనుకుంటే 430 నుంచి 450 సీసీలది ఒకటి, లేదా అందులో సగం సైజువి రెండు చాలు. ఇప్పుడు ఐడిలింగ్ చూద్దాం. నిమిషానికి 700 చుట్లలో గంటకు లీటరుకు కాస్త ఎక్కువ, నిమిషానికి సుమారు 18 సీసీ. ఆ నిమిషంలో 1,400 సార్లు సిలిండర్లు పీలుస్తాయి. ఒక్కో పీల్పుకు 440 సీసీ ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే సమయం రెండు మిల్లీసెకన్ల లోపే. వెయ్యి సీసీల ఇంజెక్టర్ పెడితే అది ఒక మిల్లీసెకను కంటే తక్కువకు దిగుతుంది. అంత తక్కువ సేపట్లో సూది సరిగ్గా లేవకముందే మూసుకోవాలి, ఒక్కోసారి ఒక్కో కొలత పడుతుంది. ఎంత ట్యూనింగ్ చేసినా ఐడిలింగ్ నిలబడదు.

ట్యాంకు, పైపులు, పంపు

కంప్యూటర్ గురించి చాలామంది భయపడతారు. నిజానికి పని చెడిపోయేది ఎక్కువగా ట్యాంకు దగ్గర, వైరింగ్ దగ్గర. కార్బురేటర్‌కు పంపు ఇచ్చే ఒత్తిడి పావు బార్ ఉంటే గొప్ప. ఇంజెక్షన్‌కు 3 బార్ కావాలి, అంటే పన్నెండింతలు. పాత గొట్టాలు, బిగింపు రింగులు దానికి పనికిరావు. ఇంజెక్షన్ ఒత్తిడికి, ఇథనాల్‌కు తట్టుకునే గొట్టం, చుట్టూ సమంగా బిగించే క్లిప్పులు తప్పనిసరి. ఎగ్జాస్ట్ పక్కన 3 బార్ ఒత్తిడితో పెట్రోలు చిమ్మితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క చోట పొదుపు చేసిన బండిని రోడ్డు మీదికి తేకూడదు.

రెండో సమస్య ఘాట్ రోడ్డు. కార్బురేటర్‌లోని ఫ్లోట్ చాంబర్ చిన్న నిల్వ తొట్టి. ఎత్తు ఎక్కేటప్పుడు, మలుపుల్లో ట్యాంకులో పెట్రోలు ఒక మూలకు పోయి పంపు క్షణకాలం గాలి పీల్చినా బండి ఆగదు. ఇంజెక్షన్‌కు ఆ వెసులుబాటు లేదు, గాలి బుడగ వచ్చిన మరుక్షణం ఇంజిన్ చస్తుంది. అందుకని ట్యాంకులోపల గోడలు వెల్డు చేయించాలి, లేదా ట్యాంకుకూ ఇంజిన్‌కూ మధ్య లీటరు పట్టే చిన్న సర్జ్ ట్యాంకు పెట్టాలి. పాత పంపు సర్జ్ ట్యాంకును నింపుతుంది, దాన్నుంచి 3 బార్ పంపు లాగుతుంది, మిగిలిన పెట్రోలు రిటర్న్ పైపులో వెనక్కి పోతుంది. ఈ తిరుగుడు వల్ల ఇంకో లాభం ఉంది. కృష్ణగిరి ఎండల్లో ఇంజిన్ ఆపి పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే జీపు లేవకపోవడం పాత జబ్బు. పైపులోని పెట్రోలు మరిగి ఆవిరి కావడమే దానికి కారణం. ఒత్తిడిలో, నిరంతరం తిరుగుతూ ఉండే పెట్రోలు అంత తేలిగ్గా మరగదు.

ముందుగా ట్యాంకు విప్పి, తుప్పు కడిగి, లోపల పూత వేయించాలి. ఇంజెక్టర్ రంధ్రాలు వెంట్రుకంత సన్నం, కార్బురేటర్ జెట్‌ను దాటిపోయే తుప్పు పొడి వాటిని మూసేస్తుంది.

కరెంటు, ఎర్త్

డైనమో ఉన్న పాత జీపు ఐడిలింగ్‌లో దాదాపు కరెంటు పుట్టించదు. ఇంజెక్షన్ పంపు ఒక్కటే ఐదారు ఆంపియర్లు తీసుకుంటుంది, లాంబ్డా సెన్సర్ హీటరు, ఈసీయూ, ఇంజెక్టర్లు అదనం. కనుక ఆల్టర్నేటర్ లేనిదే ఈ పని మొదలుపెట్టకూడదు. పంపును రిలే ద్వారా నడపాలి. తాళం తిప్పగానే రెండు సెకన్లు పంపు తిరిగి ఆగాలి, ఇంజిన్ తిరుగుతున్నట్టు సంకేతం వస్తేనే మళ్లీ నడవాలి. బండి బోల్తా పడి ఇంజిన్ ఆగితే పంపు పెట్రోలు చిమ్మకుండా కాపాడేది ఈ ఏర్పాటే.

కంప్యూటర్‌కు ఇంజిన్ చుట్లు చెప్పడం డెల్కో (డిస్ట్రిబ్యూటర్)లోని పాయింట్లతోనూ సాధ్యమే. కానీ పాయింట్ల దగ్గర పుట్టే విద్యుత్ గోల సంకేతాన్ని చెడగొడుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకు పాయింట్ అరిగి లెక్క మారుతుంది. క్రాంక్ పుల్లీకి 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం బిగించి, పక్కన సెన్సర్ పెట్టడం స్థిరమైన పద్ధతి. లేని పన్ను దగ్గర కంప్యూటర్ తన స్థానం గుర్తుపడుతుంది. ఇగ్నిషన్ వైర్లు రాగివి తీసేసి గోల తగ్గించే రెసిస్టర్ రకం వేయాలి. ఎర్త్ అంతా ఇంజిన్ బ్లాకు మీద ఒకే చోటికి తేవాలి. చాసిస్ మీద పెయింటు గీకి తగిలించిన ఎర్త్‌తో వర్షాకాలం దాకానే బండి బాగుంటుంది.

ట్యూనింగ్

హోసూరు బండికి కంప్యూటర్ గాలిని కొలిచే పద్ధతి కీలకం. మానిఫోల్డులోని ఒత్తిడిని మాప్ సెన్సర్‌తో, గాలి వేడిని మరో సెన్సర్‌తో చూసి లెక్కకట్టే పద్ధతిలో ఎత్తు మార్పు దానంతటదే లెక్కలోకి వస్తుంది. థ్రాటిల్ ఎంత తెరుచుకుందన్నదాన్ని బట్టే పెట్రోలు ఇచ్చే పద్ధతి రేసు బండ్లకు సరే గానీ, బయటి గాలి ఒత్తిడిని చూసే విడి సెన్సర్ లేకుండా ఈ ఘాట్లలో వాడితే మళ్లీ కార్బురేటర్ రోగమే తిరిగొస్తుంది.

కంప్యూటర్‌లో ఉండేది ఒక పట్టిక. ఒక పక్క ఇంజిన్ చుట్లు, మరో పక్క ఒత్తిడి, నడుమ 16 అడ్డు, 16 నిలువు గళ్లు. ఒక్కో గడిలో ఆ స్థితిలో ఇంజిన్ ఎంత నిండుగా గాలి పీలుస్తుందో శాతంగా ఉంటుంది. వైడ్‌బ్యాండ్ లాంబ్డా మీటరును సైలెన్సర్ పైపుకు బిగించి, ల్యాప్‌టాప్ పెట్టుకుని నడుపుతూ గళ్లను సరిచేస్తారు. నడిపేది ఒకరు, స్క్రీన్ చూసేది ఇంకొకరు అయి ఉండాలి. కృష్ణగిరి నుంచి కురుబరపల్లి, శూలగిరి మీదుగా హోసూరుకు ఎక్కే దారి దీనికి చక్కగా సరిపోతుంది. ఒకే ప్రయాణంలో చదును, ఎత్తు, టోల్‌గేటు దగ్గర ఐడిలింగ్, నాలుగు వందల మీటర్ల ఎత్తు తేడా అన్నీ తగులుతాయి. మీటరులో గాలి-పెట్రోలు నిష్పత్తి చూడకుండా లాంబ్డా అంకెను చూడాలి. బంకులో దొరికేది ఇ20 అయినా వేరొకటైనా పూర్తి దహనానికి లాంబ్డా 1 దగ్గరే ఉంటుంది. సాఫీగా పోయేటప్పుడు 1, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు 0.87 చుట్టుపక్కల ఉంటే ఇంజిన్ చల్లగా, బలంగా ఉంటుంది.

అన్నిటికంటే ఓపిక కోరేది తెల్లవారుజాము స్టార్టింగ్. డిసెంబరు, జనవరి నెలల్లో హోసూరు చలికి ఇంజిన్‌కు ఎంత అదనపు పెట్రోలు ఇవ్వాలి, వేడెక్కే కొద్దీ ఎంత తగ్గించాలి అన్నది రోజుకు ఒక్కసారే పరీక్షించగలం. ఇంజిన్ ఒకసారి వేడెక్కితే మళ్లీ మర్నాటిదాకా ఆగాలి. చోక్ లాగకుండా, యాక్సిలరేటర్ తొక్కకుండా తాళం తిప్పగానే లేచి నిలబడే జీపు కావాలంటే చలికాలమంతా పడుతుంది.

కర్మాగారం చేసిన మార్పిడి

టీవీఎస్ 50 మోపెడ్ 1980లో హోసూరు నుంచి బయటికి వచ్చింది. ఇద్దరు కూర్చోగల మొదటి భారతీయ మోపెడ్ అది. దాని వారసురాలైన ఎక్స్‌ఎల్ ఈ జిల్లాలో పాల క్యాన్లు, కూరగాయల మూటలు, గడ్డిమోపులు మోసే బండి. ఒక రకంగా కృష్ణగిరి రైతుకు అసలైన చిన్న ట్రక్కు అదే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో ఆ మోపెడ్‌కు కూడా ఇంజెక్షన్ తప్పలేదు. దేశంలో అతి చవకైన బండ్లలో ఒకదానికి సెన్సర్లు, ఈసీయూ చేరాయి.

అక్కడికి చేరేదాకా దారి తిన్నగా లేదు. హీరో హోండా 2006లో గ్లామర్ ఎఫ్ఐ తెచ్చింది, బజాజ్ 2007లో పల్సర్ 220ని ఇంజెక్షన్‌తో తెచ్చి 2009లో తిరిగి కార్బురేటర్‌కు మార్చింది. ధర, ఊళ్లలో మరమ్మతు చేసే చేతులు లేకపోవడం అప్పటి అడ్డంకులు. బీఎస్-6 వచ్చాక ఆ రెండూ సర్దుకున్నాయి. పాత బండి మార్పిడి చేసుకునేవారికి దీనివల్ల కలిగిన మేలు చాలా పెద్దది. ఇంజెక్టర్లు, సెన్సర్లు, రిలేలు, కనెక్టర్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ విడిభాగాలుగా దొరుకుతున్నాయి. వాటి వాడకం తెలిసిన కుర్రాళ్లు బాగలూరులోనూ కుప్పంలోనూ ఉన్నారు.

చట్టం

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి తెచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సెక్షన్ స్పష్టంగా దారి చూపింది వేరే ఇంధనానికి మార్చే సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ కిట్లకు. వాటికి పరీక్షా సంస్థల ఆమోదం ఉండాలి. పెట్రోలు బండి పెట్రోలు మీదే నడుస్తూ, ఇంజిన్ నంబరు, సీసీ మారకుండా, పెట్రోలు ఇచ్చే పద్ధతి మాత్రమే మారితే అది ఎటు వస్తుందో చట్టం విడిగా చెప్పలేదు. కాబట్టి పని మొదలుపెట్టకముందే టీఎన్ 24 అయితే కృష్ణగిరి, టీఎన్ 70 అయితే హోసూరు రవాణా కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మేలు. సరుకు బండి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు) వెళ్లాలి, సొంత వాడకం జీపుకు పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి ఆర్‌సీ తిరగరాయించుకోవాలి. ఇంజిన్ మూత తెరిచే అధికారికి అప్పుడు చూపడానికి కాగితం ఉండాలి.

యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవాలనుకునేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. 2021లో వచ్చిన ఆ నిబంధనలు బండి అసలు రూపంలో ఉండాలంటాయి. అటువంటి సీజే-3బీకి ఈ వ్యాసకర్త సలహా కార్బురేటర్‌ను అలాగే ఉంచి, ఇథనాల్‌కు తట్టుకునే రబ్బర్లు వేయించి, జెట్ ఒక సైజు పెంచడమే. అందరికీ ఇంజెక్షనే మందు కాదు. పొగ పరీక్షలో 2000కు ముందు తయారైన పెట్రోలు నాలుగు చక్రాల బండికి ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఒప్పుకుంటారు. బాగున్న కార్బురేటర్ అందులో హాయిగా నెగ్గుతుంది.

మరమ్మతు

మార్పిడి చేసిన బండి కంపెనీ బండి కాదు, దానికి సర్వీస్ మాన్యువల్ ఉండదు. చేసినవారు తప్ప మరొకరు దాన్ని బాగుచేయలేని పరిస్థితి రాకూడదంటే ప్రతి భాగం మామూలు బండిదై ఉండాలి. మాప్ సెన్సర్, టెంపరేచర్ సెన్సర్, ఇంజెక్టర్ ఏ కారువో ముందే చూసుకుని, ఆ కారు పేరు, పార్టు నంబరు రాసిపెట్టుకోవాలి. వైరింగ్‌లో ఒక్కో తీగకు ఒక్కో రంగు ఉండి, ఆ రంగుల పటం ప్లాస్టిక్ కవరులో డ్యాష్‌బోర్డు కింద ఉండాలి. ట్యూనింగ్ ఫైలు ల్యాప్‌టాప్‌లోనే కాక ఇంకో చోట కూడా దాచాలి. దూరప్రయాణంలో వెంట ఉంచుకోవాల్సినవి ఒక పంపు రిలే, ఒక క్రాంక్ సెన్సర్, రెండు ఫ్యూజులు. ఇంజెక్షన్ బండి దారిలో ఆగిపోయిందంటే చాలాసార్లు కారణం ఈ మూడింటిలో ఒకటే. విప్పిన కార్బురేటర్‌ను కడిగి, నూనె పూసి, దాని గ్యాస్కెట్లతో సహా పెట్టెలో భద్రపరచాలి. రవాణా అధికారి వెనక్కి మార్చమన్నా, బండి మరొకరి చేతికి పోయినా ఆ పెట్టె బండితోనే పోవాలి.